వలీ సంతకం: పిల్లల కేన్సర్ ట్రయల్స్‌లో తల్లిదండ్రులు

హైదరాబాదు నగరానికి పడమట ఉన్న మాదాపూర్, రాయదుర్గం, గచ్చిబౌలి ప్రాంతాలను నేడు సైబరాబాద్ అంటున్నారు. 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైనప్పుడు దాని చుట్టూ కనిపించినవి ఎక్కువగా బండరాళ్ళే. ఇప్పుడు అక్కడి అద్దాల భవనాలలో జరిగే పనులలో ఒకటి బయటివారికి అంతగా తెలియదు. అనేక దేశాల ఆస్పత్రులలో కొత్త మందులపై జరిగే పరీక్షల వివరాలు ఇక్కడికి చేరుతాయి. ఏ రోగికి ఏ రోజున ఏ మందు ఇచ్చారు, జ్వరం ఎంత వచ్చింది, రక్తకణాలు ఎంతకు పడిపోయాయి అన్న లెక్కలను సరిచూచి, పట్టికలుగా కూర్చి, నివేదికలు వ్రాసే ఉద్యోగులు ఇక్కడ పెద్ద సంఖ్యలో ఉన్నారు. స్విట్జర్లాండుకు చెందిన నోవార్టిస్ మందుల సంస్థకు స్వదేశం వెలుపల ఉన్న పెద్ద కార్యాలయాలలో ఒకటి ఈ ప్రాంతంలోనే ఉన్నది. ఆ పట్టికలలో రోగి పేరు ఉండదు, ఒక అంకె మాత్రమే ఉంటుంది. వయస్సు ఆరు, జ్వరం, ఆస్పత్రిలో చేర్చబడినాడు అన్న ఒక్క వరుస వెనుక ఎక్కడో ఒక తల్లి నిద్రలేని రాత్రి ఉన్నది.

రాయదుర్గంలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో బండి మారి, లక్డీకాపూల్‌లో దిగితే రెడ్‌హిల్స్ దగ్గరే. అక్కడ 1955లో స్థాపించబడి, మెహదీ నవాజ్ జంగ్ పేరు పెట్టుకున్న ఎం.ఎన్.జె. కేన్సర్ ఆస్పత్రి ఉన్నది. జిల్లాల నుండి, పక్కనున్న కర్ణాటక, మహారాష్ట్ర పల్లెల నుండి పిల్లలను తీసుకువచ్చిన కుటుంబాలు సంచులతో, చాపలతో అక్కడ కనిపిస్తాయి. నల్లగండ్ల, గచ్చిబౌలి వైపు వెలసిన ప్రైవేటు ఆస్పత్రులకు పోగలిగినవారు అక్కడికి పోతారు. ఏ ఆస్పత్రికి పోయినా, పిల్లవాడిని ట్రయల్‌లో చేర్చుకుంటామని డాక్టరు అడిగిన రోజున ఆ తల్లిదండ్రుల ముందుకు వచ్చే కాగితం ఒక్కటే: సమ్మతి పత్రం. ఆ కాగితంపై పెట్టే సంతకానికి విలువ ఎప్పుడు ఉంటుంది, ఎప్పుడు ఉండదు అన్నదే ఇక్కడి ప్రశ్న.

ట్రయల్ అంటే ఏమిటి?

మొదటి చిక్కు మాటతోనే వస్తుంది. తెలుగులో "ప్రయోగం" అనగానే కుందేలో, ఎలుకో మనస్సులో మెదులుతుంది. ఉర్దూలో "తజ్రబా" అంటారు. విచిత్రమేమిటంటే ఆ ఒక్క మాటకే ప్రయోగమనీ, అనుభవమనీ రెండు అర్థాలు ఉన్నాయి. డాక్టరు మొదటి అర్థంలో పలికితే, "మా బాబు మీద తజ్రబా చేస్తారా?" అని తల్లి బెదిరిపోతుంది. ఆ బెదురు అన్యాయమైనదని అనలేము. కాని పిల్లల కేన్సర్‌లో జరిగే ట్రయల్స్‌లో ఎక్కువ భాగం ఆమె ఊహించే తరహావి కావు.

పిల్లలకు వచ్చే కేన్సర్లలో ఎక్కువగా కనిపించేది రక్త కేన్సర్. అందులో ఒక రకాన్ని డాక్టర్లు ఎ.ఎల్.ఎల్. అని వ్యవహరిస్తారు. దీనికి చికిత్స రెండు మూడు సంవత్సరాలు సాగుతుంది. మొదటి నెలలో స్టెరాయిడు మాత్రలు, విన్‌క్రిస్టిన్ వంటి ఇంజెక్షన్లు, వెన్నులోనికి మందు ఇస్తారు. చివరి దశలో ఇంటివద్దనే ప్రతిరోజూ మెర్కాప్టోప్యూరిన్, వారానికి ఒకసారి మెథోట్రెక్సేట్ మాత్రలు వేసుకోవాలి. ఈ పద్ధతి దానంతట అది పుట్టలేదు. ఒక ట్రయల్ తర్వాత మరొక ట్రయల్‌గా, ఏడు దశాబ్దాలకు పైగా కూడబెట్టిన జ్ఞానం ఇది.

ఆ క్రమానికి మొదట్లోనే ఒక తెలుగువాడు ఉన్నాడు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లే సంస్థ పరిశోధనశాలకు నాయకత్వం వహించినప్పుడు, ఫోలిక్ ఆమ్లానికి విరుద్ధంగా పనిచేసే అమినోప్టెరిన్ అక్కడ తయారైనది. బోస్టన్‌లోని పిల్లల ఆస్పత్రిలో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ దానిని రక్త కేన్సర్ ఉన్న పిల్లలకు ఇచ్చి, 1948 జూన్‌లో ఫలితాన్ని ప్రకటించాడు. మందు తీసుకున్న 16 మంది పిల్లలలో 10 మందికి వ్యాధి తగ్గుముఖం పట్టింది. అంతవరకు ఆ వ్యాధికి మందన్నది లేదు. అయితే ఆ ఉపశమనం కొన్ని నెలలే నిలిచింది. సుబ్బారావు కూడా అదే సంవత్సరం ఆగస్టులో మరణించాడు. ఆ పిల్లలకు దక్కినది కొద్ది కాలమే. కాని అమినోప్టెరిన్‌కు చెల్లెలు వంటి మెథోట్రెక్సేట్‌ను ఈనాటికీ రెడ్‌హిల్స్‌లోని పిల్లలు మింగుతున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే ప్రకారం సంపన్న దేశాలలో కేన్సర్ వచ్చిన పిల్లలలో నూటికి 80 మందికి పైగా నయమవుతున్నారు. పేద దేశాలలో అనేక చోట్ల ఆ సంఖ్య 30కి కూడా చేరదు. 2030 నాటికి అన్ని దేశాలలో కనీసం 60 మంది బ్రతకాలని ఆ సంస్థ 2018లో లక్ష్యం పెట్టుకున్నది.

కనుక నేటి ట్రయల్ సాధారణంగా వేసే ప్రశ్న చిన్నది. తెలిసిన మంచి చికిత్సను అందరికీ ఇస్తూనే, అందులో ఒక భాగాన్ని కొద్దిగా మార్చితే మేలా, కాదా అని చూడడం. మన దేశంలో కోల్‌కతా, ముంబయి, ఢిల్లీ, చండీగఢ్ వంటి నగరాల ఆస్పత్రులు కలసి ఐసికిల్ అన్న పేరుతో ఇటువంటి ట్రయల్ ఒకటి నడిపాయి. మొదటి దశలో ఇచ్చే ప్రెడ్నిసొలోన్ కాలాన్ని తగ్గించవచ్చునా అన్నది అందులోని ఒక ప్రశ్న. స్టెరాయిడు తీసుకునే పిల్లవాడు ఉన్న ఇల్లు ఎలా ఉంటుందో చూచినవారికి ఈ ప్రశ్న విలువ తెలుస్తుంది. అర్ధరాత్రి రెండు గంటలకు అన్నం కావాలని ఏడుపు, ఊరికే కోపం, ఉబ్బిన ముఖం. అన్నిటికంటే భయంకరమైనది, ఒంట్లో నిరోధక శక్తి తగ్గి సోకే జబ్బులు. మన దేశంలో కొందరు పిల్లలను కేన్సర్ కాక ఆ జబ్బులే తీసుకుపోతాయి. ఇక్కడి పిల్లలకు ఏది సరిపడుతుందో ఇక్కడి పిల్లలలోనే చూడవలసి ఉన్నది.

ఒకసారి వచ్చిన కేన్సర్ తిరగబెట్టిన తర్వాత, మరే మందూ పనిచేయనప్పుడు జరిగే ట్రయల్ వేరు. అందులో మందు మోతాదు ఎంత ఉండాలన్నదే మొదటి ప్రశ్న. పిల్లవాడికి మేలు కలిగే ఆశ తక్కువ. ఆ రెండు రకాలను ఒకటిగా చూడరాదు. డాక్టరును అడగవలసిన మొదటి మాట కూడా ఇదే: ఇది ఏ రకం?

చీటీ వేయడం, ఖుర్‌ఆ

తల్లిదండ్రులకు అర్థం కాని విషయాలలో అన్నిటికంటే పెద్దది, ఎవరికి ఏ చికిత్స అన్నది చీటీ వేసి నిర్ణయించడం. అనువాదకులు దీనిని "యాదృచ్ఛికీకరణ" అని పత్రాలలో వ్రాస్తారు. ఆ మాటను ఏ తల్లీ ఎక్కడా విని ఉండదు. డాక్టరు చదువుకున్నవాడు కదా, మా వాడికి ఏది మంచిదో తనే తేల్చి ఇస్తాడు అనే నమ్మకంతో సంతకం పెడతారు. నిజానికి ఆ భాగాన్ని తేల్చేది డాక్టరు కాదు, కంప్యూటరు.

అమెరికాలో 2004లో ప్రకటించబడిన ఒక అధ్యయనం ఉన్నది. రక్త కేన్సర్ ఉన్న పిల్లల తల్లిదండ్రులతో డాక్టర్లు జరిపిన 137 సంభాషణలను విని, తరువాత ఆ తల్లిదండ్రులను ప్రశ్నించారు. నూటికి 83 సంభాషణలలో డాక్టరు చీటీ విషయం వివరించాడు. అయినా సగం మంది తల్లిదండ్రులకు అది అర్థం కాలేదు. పేదలలో, అల్పసంఖ్యాక జాతులవారిలో అర్థం కానివారు మరింత ఎక్కువ. ఆ గదిలో ఒక నర్సు కూడా కూర్చున్నచోట అర్థం చేసుకున్నవారు ఎక్కువ. బాగా చదువుకున్న దేశంలోనే పరిస్థితి ఇది.

మన సమాజానికి దీనిని అర్థం చేసుకునే సాధనం ఇంటిలోనే ఉన్నది. ఖుర్‌ఆ, అనగా చీటీ వేయడం, షరీఅత్‌లో తెలిసిన విషయమే. హజ్రత్ మర్యమ్ (అ) పసిపాపగా ఉన్నప్పుడు ఆమె సంరక్షణ ఎవరు వహించాలన్నది కలములు వేసి తేల్చారని ఆలి ఇమ్రాన్ సూరా తెలుపుతున్నది. దైవప్రవక్త (స) ప్రయాణమైనప్పుడు తమ భార్యలలో ఎవరిని వెంట తీసుకుపోవాలో ఖుర్‌ఆ వేసేవారని హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖించారు. శకునం చూడడానికి బాణాలు వేయడాన్ని మాయిదా సూరాలో నిషేధించింది వేరు. అది గైబ్‌ను తెలుసుకోవాలన్న ప్రయత్నం. ఖుర్‌ఆ సమానుల మధ్య పక్షపాతం లేకుండా ఎంచడం. ఒక వైపు హక్కు ఎక్కువని తెలిసిన తర్వాత ఖుర్‌ఆకు చోటు లేదు. మనస్సులకు నెమ్మది కలిగించడమే దీని ప్రయోజనమని, దీనివల్ల కొత్త హక్కు పుట్టదని హనఫీ పండితులు ఒక షరతు కూడా పెట్టారు.

ట్రయల్ న్యాయం కూడా సరిగ్గా ఇదే. రెండు చికిత్సలలో ఏది మేలో నిజంగా తెలియనప్పుడే చీటీ వేయడం ధర్మం. ఒకటి మేలని తెలిసినప్పటికీ రెండవది ఇస్తే అది ద్రోహమవుతుంది. కొత్తదే మంచిదనుకునే వారికి బ్రిటన్‌లో 1997లో మొదలైన ట్రయల్ గుర్తుచేయదగినది. మెర్కాప్టోప్యూరిన్‌కు బదులుగా థయోగ్వానిన్ ఇచ్చి చూచారు. మెదడు వైపు వ్యాధి తిరగబెట్టడం కొంత తగ్గింది. కాని పిల్లలకు కాలేయం దెబ్బతిన్నది, మొత్తం మీద బ్రతికినవారి సంఖ్య పెరగలేదు. పాత మందే నిలిచింది. పాత మందు చీటీ వచ్చిందని కన్నీరు పెట్టుకున్న తల్లి ఎవరైనా ఉంటే, ఆమె బిడ్డకే మేలైన చీటీ వచ్చినది.

సంతకం పెట్టే గంట

పిల్లవాడికి జ్వరం తగ్గలేదు, ఒంటిమీద నల్లమచ్చలు కనిపించాయి, ఎముకలు నొప్పి అన్నాడు. ఊరి డాక్టరు టైఫాయిడ్ అన్నాడు, పట్నం డాక్టరు రక్తం తక్కువన్నాడు. చివరకు మూలుగ పరీక్ష చేసి కేన్సర్ అని చెప్పారు. సమ్మతి పత్రం వచ్చేది ఆ మాట విన్న ఒకటి రెండు రోజులలోనే. చికిత్స ఆలస్యం చేయడానికి లేదు. తల్లి చెవిలో "కేన్సర్" అన్న మాట ఇంకా మ్రోగుతూ ఉంటుంది. తరువాత చెప్పిన పది పేజీలలో ఆమెకు ఎన్ని మాటలు చేరుతాయి?

తెలంగాణ ముస్లిం కుటుంబాలలో దీనికి మరికొన్ని చిక్కులు తోడవుతాయి. తండ్రి రియాదులోనో, దుబాయిలోనో ఉంటాడు. ఆస్పత్రిలో ఉండేది తల్లి, మేనమామ, నానమ్మ. హిజానత్ తల్లిదనీ, విలాయత్ తండ్రిదనీ ఫిఖ్హ్ గ్రంథాలు విభజిస్తాయి. భారతదేశపు నిబంధనలు తల్లిదండ్రులలో ఎవరి సంతకాన్నయినా చెల్లనిస్తాయి. "ఆయనను అడిగి చెబుతాను" అన్న తల్లిని చదువు లేనిదని తొందరపెట్టడం తప్పు. ఫోనులో తండ్రికి కూడా డాక్టరే వివరించడం సరైన పద్ధతి. ఇక భాష సంగతి. ఇంట్లో ఉర్దూ మాట్లాడి, బడిలో తెలుగు చదివిన తల్లులు జిల్లాలలో వేలమంది. ఉర్దూ లిపిలో అచ్చయిన పత్రం వారు చదవలేరు, పాఠ్యపుస్తకపు తెలుగులో ఉన్నది చదివినా అర్థం కాదు. ఆస్పత్రివారు మాత్రం రెండు భాషలలోనూ పత్రం ఇచ్చామని సంతృప్తి పడతారు.

మరొక భయం బయటికి చెప్పుకోనిది. వద్దంటే డాక్టరుకు కోపం వస్తుందేమో, మంచం ఖాళీ చేయమంటారేమో అని. ఇది చట్టరీత్యా నిరాధారం. ట్రయల్‌లో చేరకపోయినా మామూలు చికిత్స ఇవ్వవలసిందే. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ వంటి పథకాల సహాయం ట్రయల్‌తో ముడిపడినది కాదు. చేరిన తర్వాత కూడా ఏ రోజైనా కారణం చెప్పకుండా బయటికి రావచ్చు. దీనిని తల్లిదండ్రులు అడగకముందే డాక్టరు చెప్పవలసి ఉన్నది.

ఖమ్మం నేర్పిన పాఠం

సంతకం ఉన్నంత మాత్రాన సమ్మతి ఉన్నట్లు కాదని మన రాష్ట్రంలోనే తేలింది. 2009లో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో 10 నుండి 14 సంవత్సరాల బాలికలు సుమారు 14 వేల మందికి, గర్భాశయ ముఖద్వార కేన్సర్ రాకుండా కాపాడే టీకా ఇచ్చారు. పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలసి చేసిన పని అది. వారిలో చాలామంది గిరిజన హాస్టళ్ళ పిల్లలు. కొందరు బాలికలు మరణించడంతో 2010 ఏప్రిల్‌లో ఆ కార్యక్రమాన్ని నిలిపివేశారు. విచారణలో మరణాలకు టీకా కారణమని తేలలేదు. తేలినది వేరొకటి. అనేక పత్రాలమీద తల్లిదండ్రులకు బదులు హాస్టలు వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు సంతకాలు పెట్టారు. పార్లమెంటు స్థాయీ సంఘం 2013 ఆగస్టులో తన నివేదికలో దీనిని తీవ్రంగా విమర్శించింది. ఆ టీకా మంచిదే. అనేక దేశాలలో ఇస్తున్నారు కూడా. మంచి వస్తువునైనా సరే, వలీని ప్రక్కకు నెట్టి పిల్లలకు ఇస్తే ఏమవుతుందో అక్కడ తెలిసింది. ఆ జిల్లాలో తరువాత వచ్చిన ప్రతి టీకానూ అనుమానంగా చూచిన తల్లిని నిందించడం కష్టం.

చట్టం, షరీఅత్

సుప్రీంకోర్టులో జరిగిన వ్యాజ్యాల తరువాత నిబంధనలు గట్టిపడ్డాయి. 2019 మార్చిలో వెలువడిన కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనల ప్రకారం సమ్మతి పత్రం తల్లిదండ్రులకు అర్థమయ్యే భాషలో ఉండాలి. చదువు రానివారైతే ఆస్పత్రికి సంబంధం లేని నిష్పాక్షిక సాక్షి ఒకరు మొదటి నుండి చివర వరకు కూర్చోవాలి. పూర్తిగా కొత్త మందును పిల్లల వంటి బలహీనులపై పరీక్షించేటప్పుడు ఈ సంభాషణను వీడియోగా రికార్డు చేయాలి. ట్రయల్ వలన హాని కలిగితే ఉచితంగా వైద్యం చేయాలి, ట్రయల్ వలననే మరణిస్తే లెక్క ప్రకారం నష్టపరిహారం ఇవ్వాలి. ట్రయల్‌ను ముందుగా పరిశీలించే నైతిక సంఘంలో వైద్యులే కాక సామాన్యుడొకరు, స్త్రీ సభ్యురాలొకరు కూడా ఉండాలి. ఆ సామాన్యుని కుర్చీ చాలాచోట్ల లాంఛనంగానే మిగులుతున్నది. మదర్సాలో చదివినవారు, ఉపాధ్యాయులు ఆ కుర్చీలో కూర్చోవడానికి ఎందుకు ముందుకు రారాదో ఆలోచించదగినది.

జిద్దాలోని అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్హ్ అకాడమీ 1992 మే నెలలో చికిత్సపై ఒక తీర్మానం చేసింది. అందులో రెండు అంశాలు ఇక్కడికి వర్తిస్తాయి. బిడ్డకు స్పష్టంగా హాని కలిగేటట్లు వలీ చికిత్సకు నిరాకరిస్తే ఆ నిరాకరణ చెల్లదు. ఆ హక్కు మరొక వలీకి, చివరకు ప్రభుత్వానికి సంక్రమిస్తుంది. రెండవది, పరిశోధనకు ఇచ్చే సమ్మతిలో బలవంతం గాని, పేదలకు డబ్బు ఆశ చూపడం గాని ఉండరాదు. ఇంకా ముందుకు పోయి, సమ్మతించే యోగ్యత లేనివారిపై వలీ ఒప్పుకున్నా పరిశోధన తగదని కూడా ఆ తీర్మానం అన్నది. 2006లో అమ్మాన్ సమావేశంలో మానవులపై జరిగే జీవవైద్య పరిశోధనల నిబంధనలను అకాడమీ మరల చర్చకు తీసుకున్నది.

1992 నాటి ఆ మాటను పట్టుకుని అన్ని ట్రయల్స్ నుండి పిల్లలను దూరం చేయడం న్యాయంగా కనిపించదు. బిడ్డకు అవసరమైన చికిత్సనే ఇస్తూ, సమానమైన రెండు పద్ధతులను పోల్చే ట్రయల్ మౌలికంగా చికిత్సే. వ్యాధికి మందు చేయించుకొమ్మని దైవప్రవక్త (స) అడిగినవారికి చెప్పిన ఆజ్ఞ దానికి వర్తిస్తుంది. బిడ్డకు ఏ లాభమూ లేకుండా కేవలం తెలుసుకోవడానికే ఒక అదనపు మూలుగ పరీక్ష చేస్తామంటే, అకాడమీ హెచ్చరిక పూర్తి బరువుతో అక్కడ నిలబడుతుంది. ఒకే పత్రంలో ఈ రెండూ కలిసి ఉంటాయి. ఏది చికిత్స, ఏది పరిశోధనకు మాత్రమే అన్నది విడదీసి చెప్పమని అడగడం వలీ బాధ్యత. బిడ్డ వలీ చేతిలో అమానత్.

పిల్లవాని మాట

పెద్దలు మరచిపోయే మనిషి ఒకడున్నాడు. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం ఏడేళ్ళు నిండిన పిల్లలకు విషయం చెప్పి నోటిమాటగా ఒప్పుకోలు తీసుకోవాలి. పన్నెండేళ్ళు దాటినవారి చేత వ్రాతపూర్వకంగా తీసుకోవాలి. మన ఇళ్ళలో "పిల్లవాడికి చెప్పకండి, భయపడతాడు" అంటారు. వార్డులో నెల రోజులున్న పిల్లవాడికి ప్రక్క మంచం ఎందుకు ఖాళీ అయినదో తెలియకుండా ఉంటుందా?

బుఖారీలో హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖించిన ఒక సంఘటన ఉన్నది. దైవప్రవక్త (స) చివరి అస్వస్థతలో ఇంటివారు వారి నోటిలో ప్రక్కనుండి మందు పోశారు. వద్దని వారు సైగ చేసినా, రోగికి మందంటే ఉండే అయిష్టమేనని ఇంటివారు అనుకున్నారు. తెప్పరిల్లిన తర్వాత వారు వద్దన్నాను కదా అని నిలదీసి, అప్పుడు అక్కడ లేని హజ్రత్ అబ్బాస్ (రజి)ను తప్ప ఇంట్లో ఉన్న ప్రతి ఒక్కరికీ ఆ మందే పోయించారు. ప్రేమతో చేసిన పని అయినా రోగి సైగను పట్టించుకోకపోవడాన్ని వారు చిన్న విషయంగా వదలలేదు. సూది వద్దని ఏడ్చే ఆరేళ్ళవాని మాట మీద ప్రాణం నిలిపే చికిత్సను ఆపరు. పరిశోధన కోసం మాత్రమే తీసే రక్తానికి పన్నెండేళ్ళ పిల్ల వద్దని తల అడ్డంగా ఊపితే, అక్కడ ఆగవలసి ఉన్నది.

ట్రయల్‌లో ఉన్న కుటుంబాలకు ఎవరూ చేయని ఒక పని ఇంకా మిగిలి ఉన్నది: ఫలితం చెప్పడం. మన దేశంలో 2009 జూన్ నుండి ప్రతి ట్రయల్‌ను ప్రభుత్వ రిజిస్ట్రీలో నమోదు చేయడం తప్పనిసరి. ఆ రిజిస్ట్రీని ఎవరైనా చూడవచ్చు, డాక్టరును నమోదు సంఖ్య అడిగి వ్రాసుకోవచ్చు. నాలుగైదు సంవత్సరాల తరువాత ఫలితం ఏదో ఒక వైద్య పత్రికలో ఇంగ్లీషులో వస్తుంది, రాయదుర్గంలోని పట్టిక మూసివేయబడుతుంది. బ్రతికిన పిల్లవాడి తల్లికి, బ్రతకని పిల్లవాడి తల్లికి కూడా, మీ బిడ్డ వలన ఫలానా సంగతి తెలిసిందని వారి భాషలో ఒక ఉత్తరం వ్రాయడానికి అయ్యే ఖర్చు ఒక తపాలా బిళ్ళ.